బెల్టు ఏసీ, బ్యాటరీ ఏసీ

జగిత్యాల నుంచి నిజామాబాద్ దిక్కు పోయే 63వ నంబరు జాతీయ రహదారి కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా సాగుతుంది. ముంబైకి, భివండికి వలసపోయిన మనుషులున్న పల్లెలు ఈ రోడ్డుకు రెండు పక్కలా ఉన్నాయి. వాళ్లను మోసుకుపోయే స్లీపర్ బస్సులు సాయంత్రం ఇక్కడ ఎక్కించుకొని, 700 కిలోమీటర్ల పైచిలుకు నడిచి, మర్నాడు దింపుతాయి. ప్రతి బస్సు నెత్తిన చదునైన తెల్ల పెట్టె ఒకటి ఉంటుంది. లోపల పడుకున్నవాళ్లకు దానితో సంబంధం ఒక్క మాట వరకే: కూలింగ్ వస్తున్నదా, వస్తలేదా. ఆ పెట్టెలోనూ, దాని కింద ఇంజన్ పక్కనా ఉన్న పనితనం మాత్రం ఒక పూట కూర్చొని చూడదగ్గది.

బండ్ల యజమానుల మధ్య ఇప్పుడొక చర్చ నడుస్తున్నది. ఇంజన్ బెల్టుతో తిరిగే ఏసీ దశాబ్దాలుగా ఉన్నదే. బ్యాటరీ కరెంటుతో తిరిగేది ఈ మధ్య లారీ క్యాబిన్ల మీదికి ఎక్కుతున్నది. ఏది పెట్టించాలి? ధర, గ్యారంటీ, పక్కబండివాడి సలహా, ఇవన్నీ తర్వాతి మాట. ముందు రెండింటి మూత తెరవాలి.

గ్యాస్ చేసే పని రెండింట్లో ఒకటే. ఇన్నాళ్లూ బండ్లలో ఎక్కువగా వాడుతున్న గ్యాస్ ఆర్134ఏ. మామూలు గాలి ఒత్తిడిలో వదిలేస్తే ఇది సున్నాకు కింద 26 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. మూడింతల ఒత్తిడిలో ఉంచితే సున్నా డిగ్రీల దగ్గర మరుగుతుంది. పదిహేనింతలు చేస్తే 55 డిగ్రీల వేడిలో కూడా ఆవిరి ద్రవంగా మారుతుంది. ఏసీ మొత్తం ఈ మూడు వాక్యాల మీదే నిలబడింది. బస్సు లోపల తక్కువ ఒత్తిడిలో గ్యాస్‌ను మరిగిస్తే, మరగడానికి కావలసిన వేడిని అది ప్రయాణికుల గాలి నుంచే లాక్కుంటుంది. ఆ ఆవిరిని నొక్కి ఒత్తిడి పెంచితే, లాక్కొచ్చిన వేడిని బయట వదిలి మళ్లీ ద్రవమవుతుంది. మే నెల మధ్యాహ్నం మెట్‌పల్లిలో ఎండ 45 డిగ్రీలుంటే, ఆ గాలితో గ్యాస్ చల్లబడాలంటే గ్యాస్ అంతకన్నా వేడిగా ఉండక తప్పదు. అందుకే మెకానిక్ గేజిలో, నొక్కిన వైపు ఒత్తిడి చూపే పెద్ద ముల్లు ఆ రోజుల్లో చదరపు అంగుళానికి 200 నుంచి 230 పౌండ్ల మధ్య ఆడుతుంది. మరిగే వైపు ఒత్తిడి చూపే చిన్న ముల్లు 30, 35 దగ్గర నిలుస్తుంది. రెండు ముళ్ల మధ్య ఉన్న ఆ తేడాను నిలబెట్టడమే కంప్రెషర్ పని.

బస్సులో ఈ కంప్రెషర్ ఇంజన్ పక్కన, ఇనుప బ్రాకెట్ మీద కూర్చుంటుంది. ఎక్కువగా కనిపించేది నాలుగు సిలిండర్ల రకం. సిలిండర్లు రెండేసి జతలుగా అటూ ఇటూ వాలి ఉంటాయి. నాలుగూ కలిపి ఒక చుట్టుకు సుమారు 650 ఘన సెంటీమీటర్ల ఆవిరిని మింగుతాయి. అంటే ఒక మోస్తరు మోటారు సైకిల్ ఇంజన్ కన్నా పెద్దదే. సిలిండర్ నెత్తిన ఉండే వాల్వులు మాత్రం నాజూకైన స్ప్రింగు ఉక్కు రేకులు. వాటిని తెరవడానికి క్యామ్ లేదు, రాడ్ లేదు. పిస్టన్ కిందికి దిగితే ఒక రేకు దానంతటదే వంగి దారి ఇస్తుంది. పైకి లేస్తే అది మూసుకొని రెండోది తెరుచుకుంటుంది. నిమిషానికి 1500 చుట్ల వేగంలో ఈ రేకు సెకనుకు 25 సార్లు వంగి లేస్తుంది. ముంబై చేరేలోపు ఎన్ని లక్షల సార్లో లెక్క వేసుకోండి. విరగకుండా నిలిచిన ఆ రేకు ముందు నాకు మిగతా యంత్రమంతా కాస్త మోటుగానే కనిపిస్తుంది.

కంప్రెషర్ ముందు పుల్లీ, పుల్లీలోనే క్లచ్. దీని విలువ తెలియాలంటే 1940 మోడల్ ప్యాకర్డ్ కారును గుర్తు చేసుకోవాలి. అమెరికాలో ఫ్యాక్టరీ నుంచే ఏసీతో వచ్చిన తొలి కార్లు ఆ కంపెనీవి. వాటిలో క్లచ్ లేదు. ఇంజన్ తిరిగినంతసేపూ కంప్రెషర్ తిరగాల్సిందే. చలికాలంలో ఏసీ వద్దనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. ఇప్పటి పుల్లీ ఇంజన్‌తో పాటు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, కానీ బేరింగు మీద వట్టిగా. దాని ముందు గోటి మందం కూడా లేని సందు వదిలి ఒక ఉక్కు పళ్లెం, ఆ పళ్లెం నుంచి కంప్రెషర్ ఇరుసు. డ్రైవర్ స్విచ్ నొక్కగానే పుల్లీ వెనక రాగి తీగచుట్టకు 24 వోల్టుల కరెంటు అందుతుంది, అయస్కాంతం పళ్లాన్ని లాగి పుల్లీకి అంటిస్తుంది, ఇరుసు కదులుతుంది. మీకు వినిపించే 'టక్' అదే. బస్సు తగినంత చల్లబడ్డాక కరెంటు ఆగిపోతుంది, సన్నటి పట్టీ స్ప్రింగులు పళ్లాన్ని వెనక్కి తీసుకుంటాయి. ఆ సందు అరిగి పెద్దదైతే అయస్కాంతానికి పళ్లెం అందదు. అప్పుడు కంప్రెషర్ బాగానే ఉన్నా కూలింగ్ రాదు. తెలిసిన మెకానిక్ అన్నిటికన్నా ముందు ఆ సందులో గేజి రేకు పెట్టి చూస్తాడు.

ఇరుసు బయటికి వచ్చే చోటే అసలు కష్టం. లోపల ఒత్తిడితో గ్యాస్, బయట గాలి, నడుమ తిరుగుతున్న ఇనుము. గ్యాస్ బయటికి పోకూడదు, ఇరుసు తిరగడం ఆగకూడదు. దీనికి వాడే సీల్‌లో రెండు ఉంగరాలుంటాయి. ఒకటి ఇరుసుతో తిరిగే కార్బన్ ఉంగరం, ఇంకొకటి కదలకుండా ఉండే గట్టి ఉంగరం. రెండింటి ముఖాలను అద్దంలా నునుపు చేసి, స్ప్రింగుతో ఎదురెదురుగా నొక్కుతారు. మధ్యలో కంటికి కనపడనంత పలచటి నూనె పొర నిలుస్తుంది. నిజానికి గ్యాస్‌ను ఆపేది ఆ నూనె పొరే. అందుకే చలికాలంలో నెలల తరబడి ఏసీ వేయకుండా ఉంచిన బండికి ఎండాకాలం మొదట్లో గ్యాస్ ఉండదు. ముఖాల మధ్య నూనె జారిపోయి సీల్ ఎండుతుంది, గ్యాస్ మెల్లగా జారుకుంటుంది. సంక్రాంతి చలిలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ నడపమని పాత మెకానిక్‌లు చెప్పేది ఇందుకే. చాదస్తం కాదు, సీల్‌కు నూనె పట్టించడం.

కంప్రెషర్ నుంచి గొట్టాలు పైకి పోతాయి. ఇంజన్ ఎప్పుడూ వణుకుతుంది, కప్పు వణకదు. కాబట్టి ఇంజన్ దగ్గర రబ్బరు హోస్, ఆపైన రాగి లేదా అల్యూమినియం పైపు. హోస్ ఎక్కడా బాడీ అంచుకు రాసుకోకుండా క్లాంపులు బిగించాడో లేదో చూస్తే ఫిట్టర్ చేతిపని ఎలాంటిదో తెలిసిపోతుంది. పై పెట్టె మూత తీస్తే నడుమ కండెన్సర్ కాయిల్, దాని మీద వరసగా ఫ్యాన్లు, రెండు పక్కలా కూలింగ్ కాయిళ్లు, వాటికి బ్లోయర్లు కనిపిస్తాయి. బ్లోయర్లు బస్సు లోపలి గాలినే మధ్య జాలీ గుండా పీల్చి, చల్లటి కాయిల్ మీదుగా తోసి, రెండు పక్కలా బెర్తుల మీదున్న డక్టులోకి పంపుతాయి. కాయిల్ మీద గాలిలోని తేమ నీరై కారుతుంది. ముప్పై మందికి పైగా ఊపిరి వదిలే మూసిన బస్సులో ఆ నీరు తక్కువేమీ ఉండదు. దాన్ని పట్టే పళ్లానికి రెండు వైపులా గొట్టాలుంటాయి. గొట్టంలో దుమ్ము పేరుకుంటే నీళ్లు పై బెర్తు మీద పడతాయి, తిట్లు క్లీనర్ మీద పడతాయి.

ఈ పెట్టెలో అన్నిటికన్నా తెలివైన భాగం బొటనవేలంత ఉండే ఎక్స్‌పాన్షన్ వాల్వ్. ద్రవంగా వచ్చిన గ్యాస్‌ను కూలింగ్ కాయిల్‌లోకి ఎంత వదలాలో నిర్ణయించేది ఇదే. తక్కువ వదిలితే కాయిల్ సగం ఖాళీగా ఉండి కూలింగ్ చాలదు. ఎక్కువ వదిలితే అంతా మరగక, మిగిలిన ద్రవం కంప్రెషర్‌లోకి పోతుంది. ద్రవాన్ని నొక్కబోతే ఆ ఉక్కు రేకులు విరుగుతాయి. ఇంత బాధ్యత మోసే వాల్వ్‌కు కరెంటు లేదు, సర్క్యూట్ లేదు. కాయిల్ నుంచి బయటికొచ్చే పైపుకు చిన్న రాగి బుడ్డి ఒకటి పట్టీతో బిగించి ఉంటుంది. బుడ్డిలో కొంచెం గ్యాస్ వేరుగా నింపి మూసేస్తారు. బుడ్డి నుంచి వెంట్రుకంత రంధ్రమున్న సన్న గొట్టం వాల్వ్ నెత్తినున్న పల్చటి రేకు దాకా పోతుంది. బయటికొచ్చే ఆవిరి వెచ్చగా ఉందంటే కాయిల్‌కు ద్రవం చాలట్లేదని లెక్క. అప్పుడు బుడ్డిలో గ్యాస్ ఒత్తిడి పెరిగి, రేకు కిందికి వంగి, సూదిని తోసి, దారి పెద్దది చేస్తుంది. ఆవిరి చల్లబడితే స్ప్రింగు గెలిచి సూది మూసుకుంటుంది. రాత్రి పూట చలిగాలి వచ్చినా, మధ్యాహ్నం కప్పు కాలినా ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటుంది. బుడ్డి పైపుకు గట్టిగా అంటుకొని, మీద ఇన్సులేషన్ చుట్టి ఉండాలి. పట్టీ వదులైతే అది పైపు వేడికి బదులు పెట్టెలోని గాలి వేడిని కొలుస్తూ కూర్చుంటుంది.

పాత ఏసీని జనం నమ్మడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. ప్రతి భాగం విడిగా ఉంటుంది, ప్రతి తప్పూ విడిగా కనిపిస్తుంది. ద్రవం పైపులో చిన్న గాజు బిళ్ల ఉంటుంది. అందులో బుడగలు పరుగెడుతుంటే చాలాసార్లు గ్యాస్ తగ్గినట్టే. జాయింట్ల దగ్గర సబ్బు నురగ పూస్తే లీకేజీ బుడగై ఉబ్బుతుంది. నూనె మరక మీద దుమ్ము అంటుకున్న చోటు ఏ పరికరం లేకుండానే లీకేజీని చూపిస్తుంది, ఎందుకంటే గ్యాస్‌తో పాటే నూనె కూడా బయటికొస్తుంది. "అన్నా, కూలింగ్ వస్తలేదు" అని డ్రైవర్ అంటే, "ఇంజన్ రేస్ పెట్టు" అని మెకానిక్ అంటాడు. రేస్‌లో ముళ్లు ఎలా కదులుతాయో చూసే, తప్పు వాల్వ్‌దో కంప్రెషర్‌దో చెప్పేస్తాడు. బెల్టు, సీల్, క్లచ్ చుట్ట, బేరింగు దేనికది మార్చుకోవచ్చు. నిజామాబాద్‌లోనో నాందేడ్‌లోనో అర్ధరాత్రి ఆగిన బస్సుకు ఇంతకన్నా ఏం కావాలి?

కావాల్సింది ఒకటుంది. అది బస్సుకు కాదు, లారీకి.

బెల్టు ఏసీ చల్లదనం ఇంజన్ చుట్ల మీద ఆధారపడుతుంది. హైవే మీద బాగా ఇస్తుంది, ఆగి ఉన్న బండిలో నీరసిస్తుంది, ఇంజన్ ఆపితే ఆగిపోతుంది. యాసంగి వడ్లు వచ్చే మే నెలలో రైస్ మిల్లుల ముందు లారీల వరస చూసినవాళ్లకు దీని అర్థం చెప్పనక్కరలేదు. దించుకునేదాకా డ్రైవర్ క్యాబిన్‌లోనే తింటాడు, అక్కడే పడుకుంటాడు. రేకు క్యాబిన్ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. చల్లదనం కోసం పెద్ద ఇంజన్‌ను ఊరికే తిప్పితే గంటకు 2 లీటర్ల అటూఇటూ డీజిల్ కాలుతుంది. ఏసీ బండ్ల రుచి గల్ఫ్‌లో చూసొచ్చిన డ్రైవర్లు మన వైపు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఈ బాధ రెట్టింపు. కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చి, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతి లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసింది. మంచి పనే. కానీ ఆ నియమం క్యాబిన్‌కు ఏసీ ఉండాలంటుందే గానీ, ఇంజన్ ఆపాక కూడా నడవాలనదు.

అక్కడికే కొత్తది వస్తున్నది. నెత్తిన పరుపంత పెట్టె, అందులోనే అన్నీ. మూత తీస్తే బెల్టు లేదు, పుల్లీ లేదు, ఇరుసు బయటికి రాదు. ఒక మూసిన లోహపు డబ్బా, దానికి మూడు తీగలు. మోటారు, కంప్రెషర్ రెండూ ఆ డబ్బాలోనే, గ్యాస్‌లోనే ఉంటాయి. బయటికి తీగలు మాత్రమే వస్తాయి, అవి గాజు పోసి అతికించిన రంధ్రాల గుండా వస్తాయి. తిరిగే ఇరుసు దగ్గర సీల్ అనే సమస్యను పరిష్కరించడం మాని, ఆ సమస్యే లేకుండా చేశారు. కూలింగ్ కాయిల్ నుంచి వచ్చే చల్లటి ఆవిరే మోటారు మీదుగా పోయి దాన్ని కూడా చల్లబరుస్తుంది.

చాలా వాటిలో పిస్టన్ కూడా ఉండదు. చక్రాల్లా చుట్టిన రెండు లోహపు గోడలు ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉంటాయి. ఒక చుట్ట కదలదు. రెండోది తన చుట్టూ తాను తిరగకుండా, ముఖం ఒకే దిక్కుకు ఉంచి, చిన్న వలయంలో కదులుతుంది. అది తిరగకుండా పట్టేందుకు కింద నాలుగు బొడిపెలున్న ఉంగరం ఒకటి ఉంటుంది. రెండు గోడలు తాకే చోట్ల నెలవంక ఆకారంలో ఖాళీలు ఏర్పడతాయి. ఆవిరి బయటి అంచున ఒక నెలవంకలో చిక్కుకుంటుంది. గోడ కదిలేకొద్దీ ఆ నెలవంక లోపలికి జరుగుతూ చిన్నదవుతుంది. నడిమి రంధ్రం చేరేసరికి ఒత్తిడి పూర్తవుతుంది. ఒకటి నడిమికి చేరేలోపే వెనక ఇంకొకటి మూసుకొని ఉంటుంది కాబట్టి కుదుపు లేదు, టపటపా కొట్టుకునే రేకులు లేవు. ఈ ఆలోచనకు ఫ్రాన్సుకు చెందిన లియోన్ క్రూ 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. అయితే రెండు గోడల మధ్య సందు వెంట్రుక మందంలో చిన్న భాగమంత ఉండాలి. ఎక్కువైతే ఆవిరి వెనక్కి జారుతుంది, అసలు లేకపోతే గోడలు రాపిడితో పట్టేస్తాయి. అంత కచ్చితంగా వంకర గోడను చెక్కే యంత్రాలు లేక అది కాగితం మీదే ఉండిపోయింది. 1980లలో గానీ పెద్ద ఎత్తున తయారీకి రాలేదు. అంటే కొత్తది అని మనమంటున్నది ఆలోచనలో నూరేళ్లు దాటినది.

దీని రెండో గుణం వేగం. బెల్టు ఏసీకి ఉన్నవి రెండే స్థితులు, పట్టడం లేదా వదలడం. ఇక్కడ ఇన్వర్టర్ సర్క్యూట్ మోటారు వేగాన్ని తగ్గిస్తుంది, పెంచుతుంది. క్యాబిన్ వేడిగా ఉన్నప్పుడు జోరుగా తిరిగి, చల్లబడ్డాక మెల్లగా సాగుతుంది. కొన్నింటిలో రాగి బుడ్డి వాల్వ్ కూడా పోయి, చిన్న మోటారు సూదిని వందల మెట్లలో జరిపే ఎలక్ట్రానిక్ వాల్వ్ వచ్చింది. లెక్క కచ్చితంగా ఉంటుంది, నిజమే. కానీ దాని తప్పు కంటికి కనపడదు. స్క్రీన్ మీద ఒక కోడ్ వస్తుంది, ఆ కోడ్ తెలిసినవాడు ఆర్మూర్ చౌరస్తాలో ఉంటాడన్న హామీ ఇంకా లేదు.

ఇప్పుడు కరెంటు లెక్క. లారీకి 12 వోల్టుల బ్యాటరీలు రెండు జత చేసి 24 వోల్టులు చేస్తారు. ఒక్కోటి 120 ఆంపియర్-గంటలదనుకుందాం. ఏసీ 600 వాట్లు తీసుకుంటే 25 ఆంపియర్లు. తెల్లారి ఇంజన్ స్టార్ట్ కావాలి కాబట్టి సగమే వాడాలి, అంటే 60. అరవైని ఇరవై అయిదుతో భాగిస్తే రెండున్నర గంటలు కూడా రాదు. రాత్రంతా నడుస్తుందని చెప్పి, ఉన్న బ్యాటరీల మీదే బిగించి పంపే చోట ఈ భాగహారం అడగాలి. వేరుగా 200 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీ పెడితే సుమారు 5 యూనిట్లు నిలవ ఉంటుంది. అందులో 4 వాడినా, చల్లబడ్డాక సగటున 400 వాట్ల మీద 10 గంటలు వస్తుంది. అది నమ్మదగిన లెక్క. తీగ కూడా అంతే ముఖ్యం. ఇంట్లో 230 వోల్టుల మీద 600 వాట్లకు 3 ఆంపియర్లు కూడా పోవు, ఇక్కడ 25 పోతాయి. బిగించని ఒక్క టెర్మినల్‌లో ఓమ్‌లో యాభయ్యో వంతు అడ్డు ఉన్నా, ఆ ఒక్క చోటే 12 వాట్ల వేడి పుడుతుంది. మందమైన కేబుల్, నొక్కి బిగించిన లగ్గులు, బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు, వోల్టేజి పడిపోగానే ఆపే కటాఫ్, ఈ నాలుగూ చూడకుండా పెట్టెకు డబ్బులివ్వొద్దు.

ఇదే లెక్క బస్సుకు వేస్తే తీర్పు వెంటనే తేలుతుంది. ఒక టన్ను మంచును 24 గంటల్లో కరిగించేంత వేడిని తీసేది ఒక టన్ను ఏసీ. ఇంట్లో ఒక గదికి ఒకటిన్నర టన్ను చాలు, స్లీపర్ బస్సుకు ఎనిమిది దాకా కావాలి. అంత చల్లదనానికి 11 కిలోవాట్ల చుట్టూ కరెంటు పడుతుంది. 24 వోల్టుల మీద అది 450 ఆంపియర్ల పైమాట. డీజిల్ బస్సు ఆల్టర్నేటర్‌కు అది అయ్యే పని కాదు. వందల వోల్టుల బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ బస్సులో ఐతే మూసిన కంప్రెషర్ నెత్తి మీదే కూర్చుంటుంది, హోస్ పైపులు కింది దాకా రావు, అక్కడ అదే సరైనది. ముంబై దారిలో నడిచే డీజిల్ బస్సుకు మాత్రం బెల్టే. బండి నడుస్తున్నప్పుడే జనం ఉంటారు, జనం ఉన్నప్పుడే ఇంజన్ తిరుగుతుంది.

అమెరికాలో మనవాళ్లు సెలవులకు అద్దెకు తీసుకునే ఇల్లు లాంటి బండ్లను, ఆర్‌వీలను చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. వాటిని ఎక్కడో ఆపి పడుకుంటారు కాబట్టి ఇంటి భాగానికి బెల్టు మీద ఆధారపడరు. కప్పులో 14 అంగుళాల పైచిలుకు చదరపు రంధ్రం, దాని మీద మూసిన కంప్రెషర్ ఉన్న పెట్టె. వాడుకలో ఉన్నది 13,500 బీటీయూ, అంటే టన్ను కన్నా కొంచెం ఎక్కువ. రంధ్రం కొలత దశాబ్దాలుగా మారలేదు, కాబట్టి పాత పెట్టె దించి కొత్త ఇన్వర్టర్ పెట్టె ఎక్కించడం తేలిక. మన లారీ నెత్తికి అలాంటి ఒకే కొలత ఇంకా రాలేదు. కంపెనీకో రంధ్రం కోస్తున్నారు. కోసిన రేకు అంచుకు తుప్పు పట్టకుండా రంగు పూశారో లేదో, చుట్టూ రబ్బరు సమంగా నొక్కుకుందో లేదో తొలి వానకు ముందే చూసుకోవాలి.

గ్యాస్ విషయం కూడా కదులుతున్నది. ఆర్134ఏ గాలిలో కలిస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైన. 2016లో కిగాలీలో కుదిరిన ఒప్పందం ప్రకారం మన దేశం ఇలాంటి గ్యాసుల వాడకాన్ని 2032 నుంచి 2047 దాకా మెట్లుమెట్లుగా తగ్గించాలి. సీల్ గుండా ప్రతి ఏడూ కొంత వదిలే బెల్టు ఏసీకి ఇది చిక్కే. ఫ్యాక్టరీలో మూసి పంపే కొత్త పెట్టెకు ఇది బలం. ఐతే ఇప్పుడున్న బండిని దీని కోసం మార్చమని నేననను. ఏటా గ్యాస్ కొట్టించుకునే బదులు లీకేజీ పట్టించి, వాక్యూమ్ సరిగ్గా కొట్టించి, తర్వాతే నింపించుకుంటే అదే చాలా మేలు.

లారీ విషయంలో నా ఓటు రెండింటికీ. నడిచేటప్పుడు కంపెనీ ఇచ్చిన బెల్టు ఏసీ, మిల్లు ముందు ఆగాక వేరు బ్యాటరీతో కొత్త పెట్టె. పగలు నడిచే నాలుగు గంటల్లో ఆల్టర్నేటర్ ఆ బ్యాటరీని నింపేయగలదు. వరికోత మిషన్ క్యాబిన్‌కు మాత్రం సందేహమే లేదు, బెల్టు ఏసీ. అది ఆగి పడుకునే యంత్రం కాదు. దాని బాధ వేరు. కోత సాగుతున్నంతసేపూ లేచే పొట్టు, దుమ్ము కండెన్సర్ రెక్కల మధ్య తివాచీలా అల్లుకుంటాయి. పెద్ద ముల్లు మరీ పైకి ఎగబాకితే ఒత్తిడి స్విచ్ క్లచ్‌ను వదిలేస్తుంది. ఆపరేటర్ గ్యాస్ అయిపోయిందనుకుంటాడు. పొద్దున మిషన్ ఎక్కే ముందు గాలి పైపుతో లోపలి వైపు నుంచి బయటికి ఊదితే చాలు. బయటి నుంచి ఊదితే పొట్టు ఇంకా లోపలికి దిగుతుంది. రెక్కలు కాగితమంత పల్చన కాబట్టి నాజిల్ జానెడు దూరంలో, నేరుగా పట్టాలి. ఏటవాలుగా పడితే వంగిపోతాయి.